ఆ జాబ్ కార్డ్ మీద సంతకం నాదే: మన గ్యారేజ్ కస్టమర్లందరికీ

అందరికీ నమస్తే. రెండు వారాలుగా గ్రూప్‌లో నేనేం పెట్టట్లేదని, ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడుతున్నానని కొంతమంది అన్నారు, నిజమే, సారీ. ఎందుకో చెప్తా, కొంచెం పెద్దదే, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

జూన్‌లో మొదటి వాన పడిన సాయంత్రం మన కస్టమర్ ఒకాయన పోర్షే 911 కారు ఔటర్ రింగ్ రోడ్డు దిగే ర్యాంపు మీద గిర్రున తిరిగిపోయి రైలింగ్‌కి కొట్టుకుంది. ఆయనకి దెబ్బ తగల్లేదు, ఆ టైంకి వెనక ఇంకో బండి లేదు, దేవుడి దయ. వెనక బంపర్, ఒక అల్లాయ్, ఒక సస్పెన్షన్ ఆర్మ్ పోయాయి. అయితే ఆ కారు తొమ్మిది రోజుల ముందే మన దగ్గర సర్వీస్ చేయించుకుని వెళ్ళింది, జాబ్ కార్డ్‌లో, అంటే బండికి ఏమేం చూశామో రాసే కాగితంలో, టైర్లు అన్న గడిలో ఓకే అని టిక్ ఉంది, కింద సంతకం చేసింది నేను.

కారు 2015 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది, మొత్తం తిరిగింది 19 వేల కిలోమీటర్లు. మన కుర్రాడు గేజ్ పెట్టి కొలిచాడు, గాడి లోతు 5 మిల్లీమీటర్లు, చట్టం ప్రకారం 1.6 ఉంటే చాలు కాబట్టి చూసేవాడికి టైరు కొత్తదానిలానే ఉంటుంది, నాకూ అలానే అనిపించింది. శుక్రవారం సాయంత్రం, ఆయన బయట వెయిటింగ్, లిఫ్ట్ మీద ఇంకో బండి ఎక్కించాలి, సంతకం పెట్టేశా. రికవరీ వ్యాన్‌లో కారు తిరిగొచ్చాక అదే లిఫ్ట్ మీద ఎక్కించి వెనక టైరు లోపలి వైపుకి టార్చ్ వేసి చూస్తే 2215 అని ఉంది. అంటే 2015లో 22వ వారం తయారైన టైరు. కంపెనీ నుంచి కారుతో పాటు వచ్చిన టైర్లు అవి, ఒక్కసారీ మార్చలేదు.

దీని గురించి తెలియనివాళ్ళకి చెప్తా. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే పొడుగు నంబర్ ఉంటుంది, దాని చివర నాలుగు అంకెలు, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. చాలా టైర్లకి ఈ పూర్తి నంబర్ ఒక వైపే ఉంటుంది, రెండో వైపు తేదీ లేకుండా సగం నంబరే వేస్తారు, తేదీ ఉన్న వైపు కారు కిందకి పోయిందంటే బయట నిలబడి ఎంత చూసినా కనపడదు. మన కుర్రాడు బయట చూశాడు, తేదీ కనపడలేదు, వదిలేశాడు. వాడిని నేనేం అనలేదు, ఎందుకంటే లోపల కూడా చూడాలి అని వాడికి నేర్పాల్సింది నేనే.

స్పోర్ట్స్ కార్లకి ఈ రోగం ఎక్కువ. రోజూ తిరిగే ఇన్నోవాకి టైరు ముసలిదయ్యేలోపే అరిగిపోతుంది. బేస్‌మెంట్‌లో కవర్ కప్పుకుని ఆదివారం మాత్రం బయటకొచ్చే బండికి టైరు అరగదు, అలా ఉన్నచోటే గట్టిపడిపోతుంది. గోరుతో నొక్కితే దిగదు, అంచుల దగ్గర సన్నటి పగుళ్ళు. పొడి రోడ్డు మీద మెల్లగా పోతున్నంతసేపు తేడా తెలియదు. మొదటి వాన రోజు, ఎండాకాలం అంతా రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము పైకి తేలిన రోజు తెలుస్తుంది. పైగా ఈ కార్లకి వెనక టైరు దాదాపు 300 మిల్లీమీటర్ల వెడల్పు, వెడల్పు ఎంత ఎక్కువైతే నీళ్ళ మీద తేలిపోవడం అంత సులువు, లావు టైరైతే పట్టు ఎక్కువ కదా అన్న లెక్క తడి రోడ్డు మీద పనిచేయదు.

డ్రైవింగ్ సంగతి కూడా దాచను, ఆయన పర్మిషన్ తీసుకునే రాస్తున్నా. స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి జారితే తనంతట తానే బ్రేకులు వేసి సర్దే సిస్టమ్, బటన్ నొక్కి ఆఫ్ చేసి ఉంది. ర్యాంపు వంపులో వెనక కొంచెం జారినట్టు అనిపించగానే భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు టక్కున తీసేశాడు. మనందరికీ వచ్చే సహజమైన పని అదే, ముందు ఇంజిన్ ఉన్న మామూలు కార్లలో చాలాసార్లు అదే కాపాడుతుంది కూడా. 911లా ఇంజిన్ వెనక ఉన్న బండిలో వంపు మధ్యలో అలా వదిలితే బరువంతా ముందుకి పోయి వెనక చక్రాలు తేలికైపోతాయి, ఆ వెనక ఉన్న బరువేమో బయటకి లాగుతుంది, తోక తిరిగిపోతుంది. వంపులోకి రాకముందే స్పీడ్ తగ్గించుకోవాలి, లోపలికి వచ్చాక పాదం మెత్తగా ఆడాలి, జారితే చూపు రైలింగ్ మీద కాదు, ఎటు పోవాలో అటు ఉండాలి. ఇది చదివితే రాదు, వంద సార్లు చేస్తే వస్తుంది. "తప్పు నాదే అన్నా, బటన్ నేనే నొక్కా" అన్నాడు ఆయన. నేను ఒప్పుకోలేదు. టైరు కొత్తదైతే ఆ స్పీడ్‌కి బహుశా జారేది కాదు, బటన్ నొక్కకపోతే జారినా బహుశా కారే సర్దుకునేది, రెండూ కలిశాయి, ఒకటి ఆయనది ఒకటి నాది. రిపేర్‌కి లేబర్ తీసుకోలేదు.

డ్రైవింగ్ బాగా వస్తే టైరుదేముంది అని ఈ పది రోజుల్లో ఇద్దరు అన్నారు నాతో. వాళ్ళకి 2013 నవంబర్ 30 గుర్తు చేశా. కాలిఫోర్నియా, శాంటా క్లారిటా. పాల్ వాకర్ చనిపోయిన యాక్సిడెంట్. కారు పోర్షే కెరేరా జీటీ, 600 హార్స్ పవర్ పైనే, స్టెబిలిటీ కంట్రోల్ అసలు లేని కారు, నడుపుతున్న ఫ్రెండ్ కొత్తవాడు కాదు, స్వయంగా రేసులు ఆడినవాడు. 45 మైళ్ళ లిమిట్ ఉన్న రోడ్డు మీద 80 నుంచి 93 మైళ్ళ మధ్య పోయారని విచారణలో తేల్చారు, మన లెక్కలో దాదాపు 130 నుంచి 150. అసలు కారణం స్పీడే అన్నారు, కారులో మెకానికల్ ఫాల్ట్ ఏమీ దొరకలేదన్నారు, కానీ టైర్లు తొమ్మిదేళ్ళవి అని, దానివల్ల పట్టు తగ్గి ఉండొచ్చని కూడా చెప్పారు. రేసర్‌కే అలా అయింది.

సూపర్ కారే అయి ఉండక్కర్లేదు కూడా. 2019 నవంబర్‌లో మన బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ ఓపెన్ చేసి నెల కూడా కాలేదు, 40 లిమిట్ ఉన్న వంపులోకి వంద పైన వచ్చిన కారు పైనుంచి కిందకి పడి కింద నిలబడి ఉన్న ఒకావిడ చనిపోయింది. ఆ దారినే మనలో సగం మంది రోజూ ఆఫీసుకి పోతాం.

సరే, ఇక షాపులో ఏం మారిందో చెప్తా. ప్రతి బండికి నాలుగు టైర్ల తేదీ ఫోటో తీసి మీ వాట్సాప్‌కి పంపుతాం, లోపల వైపు ఉంటే లిఫ్ట్ ఎక్కించే తీస్తాం. ఆరేళ్ళు దాటితే మార్చమంటాం, గాడి ఎంత ఉన్నా సరే. మార్చనంటే మీ ఇష్టం, సర్వీస్ చేసిస్తాం, కానీ ఆ టైర్ల మీద స్టేజ్ వన్, రీమ్యాప్ లాంటి ఇంజిన్ పవర్ పెంచే పనులేవీ చేయం. దీనికి ఇప్పటికే ఇద్దరు వేరే చోటికి వెళ్ళిపోయారు. ఒకతను పోలో తెచ్చాడు, 30, 40 హార్స్ పవర్ పెంచాలి, బ్రేక్ ప్యాడ్‌లు చూస్తే అయిపోవచ్చాయి, ముందు అవి వేద్దాం అంటే "నేను వచ్చింది బండి ఉరకనీకి అన్నా, ఆపనీకి కాదు" అన్నాడు. నవ్వొచ్చింది కానీ పంపించేశా. టైర్లు మేము అమ్మం, కమీషన్ కూడా తీసుకోం, మీకు నచ్చిన షాపులో వేయించుకోండి, కాకపోతే మీ కారు కంపెనీ ఒప్పుకున్న గుర్తు ఉన్నవే తీసుకోండి, పోర్షేకి ఎన్ అక్షరం పక్కన అంకె, బీఎండబ్ల్యూకి నక్షత్రం.

రెండోది బ్రేక్ ఫ్లూయిడ్. దీని మీద నాకు పిచ్చి అని మీకు తెలుసు. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ (టైరు మీద డాట్‌కి దీనికి సంబంధం లేదు) కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ కనీసం 155కి పడిపోతుంది. శ్రీశైలం పోతూ డ్యామ్ వైపు ఘాట్ దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేక్ మీదే కాలు ఉంచితే డిస్కుల వేడికి ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి, బుడగ నొక్కితే నలుగుతుంది, మీ పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది, కారు ఆగదు. తక్కువ గేర్‌లో పెట్టి దిగండి, స్టీరింగ్ వెనక గేర్లు మార్చే ప్యాడిల్స్ ఉన్నది ఉత్తుత్తి టక్ టక్ సౌండ్‌కి కాదు. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకోసారి ఫ్లూయిడ్ మార్చాల్సిందే, ఈ నెలాఖరు దాకా దానికి లేబర్ ఫ్రీ.

ఇంకోటి ఒప్పుకోవాలి. పోర్షే 911 జీటీ3 లాంటి వాటికి చక్రానికి మధ్యలో ఒకటే పెద్ద నట్టు ఉంటుంది, దాన్ని 600 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగించాలి. అంత పెద్ద టార్క్ రెంచ్ మన దగ్గర లేదు, ఆర్డర్ పెట్టాను, వచ్చేదాకా ఆ చక్రాలు మేము ఊడదీయం. అందాజుగా పైపు తగిలించి బిగించే పని మన షాపులో జరగదు. రోల్ కేజ్, అంటే రేసు కార్లలోలా లోపల ఇనప పైపుల చట్రం, వేయమని అడిగేవాళ్ళకి కూడా అదే చెప్తున్నా, హెల్మెట్ లేకుండా రోజూ తిరిగే కారులో తల పక్కన ఇనప పైపు పెట్టుకోవడం సేఫ్టీ కాదు బాబూ.

ఆగస్టులో ఎనిమిది కార్లతో మద్రాస్ రేస్ ట్రాక్‌కి పోదామనుకుంటున్నాం, శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్నది, 3.7 కిలోమీటర్లు. ల్యాప్ టైం కోసం మాత్రం కాదు, కోచ్ పక్కన కూర్చుని నేర్పిస్తారు. పోయినసారి మొదటి గంటంతా ఒకటే పని చేయించారు, వందలో వచ్చి బ్రేక్ పెడల్ పూర్తిగా తొక్కడం. నమ్మండి, కోటి రూపాయల కారు ఉన్నవాళ్ళలో సగం మందికి ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే సిస్టమ్, పాదం కింద కొట్టుకోవడం అదే మొదటిసారి, ఒకాయన ఏదో విరిగిందని కాలు తీసేశాడు. రోడ్డు మీద సరిగ్గా అలా తీసేసినప్పుడే గుద్దుకుంటాం. 120లో పోతుంటే సెకనుకి 33 మీటర్లు పోతున్నట్టు, మంచి టైర్లు మంచి బ్రేకులు ఉన్నా ఆగడానికి ఇంకో 55 పైనే కావాలి. 200 అయితే ఆ 55 కాస్తా 150 దాటుతుంది. ఇంకా కూర్చోవడం కూడా సరిచేస్తారు, వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి, మనవాళ్ళు ఈజీ చైర్‌లో పడుకున్నట్టు పడుకుంటారు.

ఖర్చు ఎవరిది వాళ్ళే, నేను పైన ఏమీ వేసుకోను. రావాలనుకునేవాళ్ళు ముందు బండి తెచ్చి చూపించండి, టైరు తేదీ, ఫ్లూయిడ్, ప్యాడ్‌లు మూడూ ఓకే అయితేనే పేరు రాస్తా. 911 ఆయన మొదటి పేరు ఇచ్చాడు, కొత్త టైర్లు వేయించేటప్పుడు షాపులో నిలబడి నాలుగింటి తేదీ ఫోటోలూ నాకు పంపాడు, ఒకటి రెండేళ్ళు దాటినదని వెనక్కి ఇచ్చేశాడట.

ఒక లిఫ్ట్ సీల్ లీకవుతోంది, సోమ మంగళవారాలు దాని పనే, కాబట్టి ఈ వారం బుకింగ్స్ రెండు రోజులు వెనక్కి పోతాయి. అర్జెంట్ ఉన్నవాళ్ళు మెసేజ్ పెట్టండి, శుక్రవారం సాయంత్రం మాత్రం డెలివరీలు పెట్టుకోవట్లేదు ఇక.