బీఓడీ ఒక్కటీ చూసి మూసీని అంచనా వేయొద్దు

సంపాదకుడు గారికి,

మూసీ కాలుష్యంపై వచ్చే వార్తల్లో ఎక్కువగా కనిపించే అంకె బీఓడీ (జీవ ఆక్సిజన్ అవసరం). స్నానానికి పనికొచ్చే నదిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇళ్ల మురుగు మాత్రమే కలిసే నదికి ఆ కొలత సరిపోతుంది. ఫ్యాక్టరీల రసాయనాలు నాలాల గుండా దిగే నదికి చాలదు.

సీసాలోని బ్యాక్టీరియా మురుగును తింటూ 27 డిగ్రీల దగ్గర మూడు రోజుల్లో వాడుకునే ఆక్సిజనే బీఓడీ. నీటిలో భారలోహాలో, ద్రావకాలో ఎక్కువైతే ఆ బ్యాక్టీరియానే చచ్చిపోతుంది. ఆక్సిజన్ మిగిలిపోయి అంకె తగ్గుతుంది. విషం పెరిగిన రోజునే నీళ్లు బాగుపడినట్టు రిపోర్టు వస్తుంది! దీన్ని పట్టుకోవచ్చు. అదే నమూనాను 5, 2, 1 శాతం పలుచనల్లో పెట్టండి. పలచబడే కొద్దీ లెక్కగట్టిన బీఓడీ పెరుగుతూ పోతే విషాన్ని అనుమానించాల్సిందే. పక్కనే సీఓడీ, అంటే బ్యాక్టీరియాతో పనిలేకుండా రసాయనంతోనే మురుగుకు పట్టే ఆక్సిజన్ కొలిచే పరీక్ష చేయాలి: డైక్రోమేట్‌తో 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు. నీటిలోని క్లోరైడ్ లవణాలు అడ్డు రాకుండా ఆపే మెర్క్యురిక్ సల్ఫేట్ వేయడం మరిస్తే అంకె ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. పచ్చి మురుగులో సీఓడీ సుమారుగా బీఓడీకి రెండింతలు. ఐదింతలు దాటితే ఫ్యాక్టరీ రసాయనాలను అనుమానించి ఎగువ నాలాలు వెతకాలి. శుద్ధి చేసిన నీటిలోనూ ఈ తేడా పెరుగుతుంది కాబట్టి అంబర్‌పేట, నాగోలు శుద్ధి కేంద్రాల నీళ్లు కలిసే చోటుకు పైన కూడా నమూనా తీయాలి.

కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) కింద నురగలో సీసా ముంచితే ఆక్సిజన్ ఎక్కువ చూపిస్తుంది. నడి ప్రవాహంలో, అడుగు లోతున, మూతి ఎగువకు పెట్టి, బుడగ లేకుండా నింపాలి. సీఓడీ సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేయాలి, బీఓడీ సీసాలో వేయకూడదు. బీఓడీ సీసాను ఐసులో పెట్టి ఆరోజే ల్యాబుకు చేర్చాలి.

అన్నిటికన్నా పెద్ద లోపం వేళ. నెలకోసారి పగటిపూట తీసిన సీసాకు రాత్రి వదిలిన ట్యాంకరు, తొలివానకు కొట్టుకొచ్చిన రసాయనం దొరకవు. అనుమానమున్న నాలాల్లో గంటకొకటి చొప్పున 24 గంటలూ తీసి, ప్రవాహాన్ని బట్టి కలిపి పరీక్షించాలి. కరిగిన ఆక్సిజన్, కోలిఫాం (మలం కలిసిందని సూచించే బ్యాక్టీరియా) మాత్రం అలా కలపకుండా విడిగానే చూడాలి.

పటాన్‌చెరు ప్రాంతంలో శుద్ధి చేసి వదిలిన నీటిలోనే సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు 2007లో ఒక అధ్యయనం బయటపెట్టింది. అలాంటిది ఏ బీఓడీ సీసాలోనూ కనపడదు.

కాలుష్య నియంత్రణ మండలి ప్రతిసారీ బీఓడీ పక్కన సీఓడీ, అమ్మోనియా, విద్యుత్ వాహకత, నమూనా తీసిన గంట కూడా ప్రకటించాలి. నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పేది ఈ వాహకతే; సాగునీటికి దాని పరిమితి సెంటీమీటరుకు 2,250 మైక్రోసీమెన్స్. మూసీ దిగువన ప్రతాపసింగారంలో ఆ నది నీళ్లతో వరి పండించే రైతుకు ముందు తెలియాల్సిన అంకె అది.

– నీటి పరీక్షల విశ్లేషకులు, ఉప్పల్, హైదరాబాద్