ఏసీ బిగించే చేతికి ఒక కార్డు ఇవ్వండి
తెలంగాణ కార్మిక, ఉపాధి శిక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను హన్మకొండలో ఉంటాను. ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడిలో సైన్స్ చెప్పి రిటైరయ్యాను. 2022 ఏప్రిల్‌లో మావారికి వడదెబ్బ తగిలాక, డబ్బులు కూడదీసుకుని ఒకటిన్నర టన్నుల ఏసీ కొన్నాం. కొనేముందు నెల రోజులు షాపుల చుట్టూ తిరిగాను. ఎన్ని స్టార్లు, కాయిల్ రాగిదా అల్యూమినియందా, వారంటీ ఎన్నేళ్లు, అన్నీ అడిగాను. బిగించడానికి ఎవరొస్తారు, అతనికి ఆ పని ఎవరు నేర్పారు అని మాత్రం అడగలేదు.

ఇరవై ఏళ్లు కూడా నిండని అబ్బాయి వచ్చాడు. మాది మూడో అంతస్తు. నడుముకు తాడైనా లేకుండా సన్‌షేడ్ మీద నిలబడి ఔట్‌డోర్ యూనిట్ బిగించాడు. కిటికీ ఊచలు పట్టుకుని ఆ గంటసేపు నేను పడ్డ టెన్షన్ నాకే తెలుసు. ఆ రోజు అతనికి అది ఆరో ఇల్లట.

మరుసటి వేసవికే చల్లదనం తగ్గింది. "గ్యాస్ అయిపోయిందమ్మా" అన్నారు, డబ్బు తీసుకుని కొట్టి వెళ్లారు. 2024లో మళ్లీ అదే మాట. వంటింట్లో బండ ఖాళీ అయినట్టు ఏసీలో గ్యాస్ ఖర్చయిపోదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ గదిలోని వేడిని బయటికి మోసుకెళ్తుంది, అంతే. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందని అర్థం.

చివరికి ఐటీఐలో ఈ పని చదువుకున్న ఒక పెద్దాయన దొరికారు. పైపు జాయింట్ల మీద సబ్బు నురగ రాస్తే పైపుల్ని కలిపే ఫ్లేర్ నట్ దగ్గర బుడగలు లేచాయి. కాపర్ పైపు చివర సరిగ్గా విప్పార్చలేదు, సన్నగా చీలింది. "బిగించిన రోజు వాక్యూమ్ పంపు పెట్టారా టీచరమ్మా?" అని అడిగారు. అలాంటి మెషీన్ నేను చూడనే లేదు. ఆ పంపుతో లాగకపోతే గాలీ తేమా పైపుల్లోనే ఉండిపోయి కంప్రెసర్‌ని పాడుచేస్తాయట. ఆయన ఫ్లేర్, అంటే విప్పార్చిన ఆ పైపు చివర, కొత్తగా చేసి, నైట్రోజన్‌తో ప్రెషర్ పరీక్ష పెట్టి, వాక్యూమ్ చేసి, గ్యాస్‌ని కాటా మీద తూచి నింపారు. సగం రోజు పట్టింది. ఆ తర్వాత ఇంతవరకు గ్యాస్ కొట్టించే అవసరం రాలేదు.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నది ఆర్-32 గ్యాస్. దానికి కొద్దిగా మండే గుణం ఉంది. గాలిలో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 675 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి ఇది మా ఇంటి మూడు వేల రూపాయల గొడవ ఒక్కటే కాదు.

మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడ ఇల్లు వెచ్చబెట్టడానికి హీట్ పంపు పెట్టించుకుంది. మన ఏసీ లాంటిదే, కాకపోతే బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది. ప్రభుత్వం 7,500 పౌండ్లు సాయం చేస్తుంది, కానీ ఎంసీఎస్ అనే సర్టిఫికెట్ ఉన్నవాళ్లు బిగిస్తేనే. వాళ్లు ముందు ప్రతి గదినీ కొలిచి, గోడలూ కిటికీలూ చూసి, ఎంత వేడి బయటికి పోతుందో లెక్కగట్టారు. గ్యాస్ పొయ్యి, బాయిలర్ పనికి వచ్చేవాళ్ల దగ్గర ఇంకో కార్డు ఉంటుంది. దాని వెనక వాళ్లకు ఏయే పనులు వచ్చో రాసి ఉంటుంది. తలుపు తీసినవాళ్లు ఆ కార్డు అడిగి చూడొచ్చు.

మన దగ్గర ఇంటి వైరింగ్‌కి వైర్‌మన్ పర్మిట్ ఉంది. ఏసీ బిగించేవాళ్లకు మాత్రం సర్టిఫికెట్ ఉండి తీరాలన్న నియమం లేదు. లక్ష మంది టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇస్తామని కేంద్రం 2019 నాటి కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో రాసుకుంది. నా గడప దాకా ఆ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చినవాళ్లు లేరు.

మీ చేతిలో ఐటీఐలు ఉన్నాయి. వాటిలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మీ శాఖే చేపట్టింది. రెండేళ్ల కోర్సు చదివేవాళ్ల సంగతి సరే. ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకు నవంబరు నుంచి జనవరి వరకు, అంటే ఏసీ పని తక్కువగా ఉండే రోజుల్లో, రెండు వారాల శిక్షణ పెట్టండి. రాతపరీక్ష వద్దు. ఫ్లేర్ చేయించండి, వాక్యూమ్ పెట్టించండి, బెల్టు కట్టుకుని పైకెక్కించండి. ఈ పనులు సరిగ్గా చేసినవాళ్లకు ఫోటో ఉన్న కార్డు ఇవ్వండి. ఏసీ అమ్మేవాళ్లు ఆ కార్డు ఉన్నవాళ్లనే పంపేలా ఉత్తర్వు తేండి.

మొన్న వేసవిలో, మా ఏసీ బిగించిన ఆ అబ్బాయే పక్కింటికి వచ్చాడు. ఎక్కడ నేర్చుకున్నావు నాన్నా అని అడిగాను. "ఒక అన్న పక్కన ఉండి చూసి నేర్చుకున్నా టీచర్" అన్నాడు. శిక్షణ పెడితే వెళ్తావా అంటే, "వెళ్తా. కానీ ఆ రోజులకు కూలి ఎవరిస్తారు?" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. శిక్షణ రోజులకు కూలి కూడా బడ్జెట్‌లో రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్స్ ఉపాధ్యాయురాలు,
హన్మకొండ