‘షల్’, ‘మే’: చట్టంలో ఏ మాట బలమెంత?

సంపాదకులు గారికి,

విభజన హామీల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘చట్టంలోనే ఉంది కదా’ అనే మాట వింటుంటాం. ఉన్న మాట నిజమే గాని, ఏ క్రియతో ఉందో చూసేవారు తక్కువ. ఇంగ్లిషు చట్టాల్లో పెత్తనమంతా ‘షల్’, ‘మే’ అనే రెండు పొట్టి మాటలదే. స్థూలంగా మొదటిది ‘చేయవలెను’, రెండవది ‘చేయవచ్చును’. ద్రవ్య బిల్లు కాని బిల్లును గవర్నరు పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చునన్న చోట రాజ్యాంగం 200వ అధికరణం ‘మే’ వాడింది. సభ దాన్ని మళ్లీ ఆమోదించి పంపితే సమ్మతిని నిలిపి ఉంచరాదన్న చోట ‘షల్ నాట్’ వాడింది.

అయితే కోర్టు గడప తొక్కాక ఈ అర్థాలు తారుమారు కావచ్చు. ఉద్యోగుల క్రమశిక్షణ వ్యవహారాల్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని 320వ అధికరణం ‘షల్’తోనే చెప్పినా, సంప్రదించనంత మాత్రాన ప్రభుత్వ ఉత్తర్వు చెల్లకుండా పోదని 1957లో మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పౌరుడి హక్కు అధికారి నిర్ణయం మీదే ఆధారపడినప్పుడు ‘మే’ను ‘షల్’గా చదివిన సందర్భాలూ లేకపోలేదు.

ఇక 2014 విభజన చట్టం పదమూడవ షెడ్యూలుకు వద్దాం. కడప, ఖమ్మం ఉక్కు కర్మాగారాల సాధ్యాసాధ్యాలను కేంద్ర ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లోగా పరిశీలించవలెనని మాత్రమే అందులో ఉంది. అక్కడి ‘షల్’ పరిశీలనతోనే ఆగిపోయింది, కట్టి తీరాలని ఎవరినీ ఆదేశించలేదు. దుగ్గరాజపట్నం రేవు సంగతి వేరు. దాన్ని కేంద్రం అభివృద్ధి చేయవలెను, తొలి దశ 2018 చివరికల్లా పూర్తి కావలెను అని ఉంది. నిజంగా నిలదీయవలసింది దీన్నే, కానీ మన సభల్లో ఉక్కు గురించి వినిపించినంతగా రేవు గురించి వినిపించలేదు.

అసెంబ్లీ స్థానాలను ఆంధ్రప్రదేశ్‌లో 175 నుంచి 225కు, తెలంగాణలో 119 నుంచి 153కు పెంచవలెనన్న 26వ సెక్షన్‌లోనూ ‘షల్’ ఉంది. కానీ ‘170వ అధికరణానికి లోబడి’ అన్న షరతు దాని ముందే కూర్చుంది. ఆ అధికరణం ప్రకారం 2026 తర్వాతి తొలి జనగణన దాకా ఆగవలసిందే గనుక, స్థానాలు పెంచాలన్న పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

కాబట్టి ఇటువంటి హామీల గురించి వార్త రాసినప్పుడు ‘చట్టంలో ఉంది’ అని సరిపెట్టకుండా, సంబంధిత నిబంధన పూర్తి పాఠాన్ని దాని షరతులతో సహా తెలుగులో పక్కనే ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఒంగోలు