ట్యూబు మీదున్న పేషెంటు దగ్గర

చిట్టితల్లీ,

ఐసీయూలో నువ్వు ఎక్కువగా వినబోయే మాట "ఇక్కడ ఇలాగే చేస్తాం". సీనియర్ సిస్టర్లతో వాదం పెట్టుకోకు. కానీ ప్రతి పనికీ ఆధారమేమిటో వెతుక్కో.

సక్షన్ సంగతే చూడు, అంటే వెంటిలేటర్ కోసం శ్వాసనాళంలో వేసిన ట్యూబులోంచి సన్నని గొట్టంతో (కేథటర్) కఫం లాగెయ్యడం. రెండు గంటలకోసారి అని గడియారం చూసి చేసేది కాదది. ట్యూబులో గురగుర వినిపించినా, వెంటిలేటర్ తెర మీద ఫ్లో గ్రాఫు (గాలి ప్రవాహం గీత) రంపపు పళ్లలా కనిపించినా, పీక్ ప్రెషర్ (గాలి నెట్టే గరిష్ఠ ఒత్తిడి) పెరిగినా, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడినా చెయ్యి. ముందు 30 నుంచి 60 సెకన్లు నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వు. కేథటర్ మందం ట్యూబు లోపలి వ్యాసంలో సగం దాటకూడదు. 8 నంబరు ట్యూబుకి (లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు) 12 ఫ్రెంచ్ సైజు కేథటర్ సరిపోతుంది, అది 4 మిల్లీమీటర్లు. 14 వేస్తే కఫంతో పాటు ఊపిరితిత్తుల్లో గాలినీ లాగేస్తుంది, గాలితిత్తులు ముడుచుకుపోతాయి. లోపలికి పంపేటప్పుడు సక్షన్ వద్దు. బయటికి తీసేటప్పుడే, అంతా కలిపి 15 సెకన్లలోపు.

కఫం చిక్కగా ఉందని ట్యూబులో 5 ఎమ్మెల్ సెలైన్ పోస్తుంటారు. నువ్వు అలవాటు చేసుకోకు. కఫం సెలైన్‌తో కలవదు, పోసిందంతా వెనక్కీ రాదు, సాచురేషన్ మాత్రం పడిపోతుంది. ముందు గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫయర్‌లో నీళ్లున్నాయో లేదో చూడు.

కఫ్ అంటే ట్యూబు చుట్టూ శ్వాసనాళాన్ని మూసి ఉంచే గాలి బుడగ. దాని ప్రెషర్ 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి. తగ్గితే గొంతులో నిలిచిన ఉమ్మి కిందికి జారి న్యుమోనియా తెస్తుంది. పెరిగితే శ్వాసనాళం గోడకి రక్తం అందదు. పైలట్ బెలూన్ (కఫ్‌కి కలిపి బయట వేలాడే చిన్న బుడగ) వేళ్లతో నొక్కి చెప్పేస్తారే, దాన్ని నమ్మకు. ప్రతి షిఫ్టులో ఒత్తిడి కొలిచే మానోమీటరు పెట్టి చూడు, పేషెంటుని తిప్పాక మళ్లీ చూడు.

తల ఎత్తు 30 నుంచి 45 డిగ్రీలు. 1999లో బార్సిలోనాలో వెంటిలేటర్ మీదున్న 86 మందిని చూశారు. వెల్లకిలా పడుకోబెట్టినవాళ్లలో 23 శాతానికి, 45 డిగ్రీల్లో ఉంచినవాళ్లలో 5 శాతానికే న్యుమోనియా రుజువైంది. తర్వాత నెదర్లాండ్స్‌లో 45 అనుకుని యంత్రంతో కొలిస్తే, మొదటి రోజే సగటు 28 డిగ్రీలు! అందుకే కంటి అంచనా వద్దు, మంచానికున్న కోణం స్కేలు చూడు. మోకాళ్ల దగ్గర కాస్త ఎత్తితే కిందికి జారరు. వెన్నెముక దెబ్బ గానీ, షాక్ (బీపీ బాగా పడిపోవడం) గానీ ఉంటే మాత్రం డాక్టరుని అడక్కుండా ఎత్తకు.

నీ కాలేజీ నోట్సులో నోరు శుభ్రం చేయడానికి క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మందు) అని ఉంటుంది. 2022లో అమెరికా నిపుణుల సంఘాలు దాన్ని వద్దన్నాయి, మరణాలు పెంచుతుందేమోనన్న అనుమానంతో. రోజూ బ్రష్ చేయమన్నాయి. మెత్తటి చిన్నపిల్లల బ్రష్ తీసుకో, పక్కనే సక్షన్ పెట్టుకో. బ్రష్ నోట్లో పెట్టేముందే కఫ్ ప్రెషర్ చూసుకో, లేకపోతే ఆ నీళ్లే కిందికి దిగుతాయి.

అమ్మ