ఆడవాళ్ళు కలిసి చదువుకోడానికి లైబ్రరీలో ఒక గది కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఆదివారం సాహిత్యం పేజీ నేను వదలకుండా చదువుతాను. ఆవిష్కరణ సభలు, అవార్డులు, సన్మానాల వార్తలు బాగానే వస్తాయి, కానీ కొంతమంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని ఒక పుస్తకం పైకి చదువుకుని దాని మీద గంటలకొద్దీ మాట్లాడుకోడం కూడా సాహిత్యంలో, కళలో భాగమే అని ఎవరూ అనుకున్నట్టు కనబడదు.

నిజానికి మన దగ్గర పెద్ద పనులు చాలా ఇలాగే మొదలయ్యాయి కదండీ. కథలు రాసిన భండారు అచ్చమాంబ గారు 1902లోనే మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. హైదరాబాదులో స్త్రీ శక్తి సంఘటన అనే ఆడవాళ్ళ బృందం వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రికార్డు చేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకం తెచ్చారు, అందులో మల్లు స్వరాజ్యం గారున్నారు, ఆడవాళ్ళ బుర్రకథ దళంతో స్టేజి ఎక్కిన మోటూరి ఉదయం గారున్నారు. ఒక్కరు గదిలో కూర్చుని రాయగలిగే పుస్తకమేనా అది? అడగడం, వినడం, మళ్ళీ అందరూ కూర్చుని మాట్లాడుకోడం, అదే ఆ పుస్తకం. తర్వాత వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ అనే పుస్తకం కూడా అంతే, ఆడవాళ్ళ ఆరోగ్యం మీద డాక్టర్లూ డాక్టర్లు కానివాళ్ళూ కలిసి చేసిన పని.

మా ఊళ్ళో మేమూ కొంతమందిమి కలుస్తుంటాం, బొమ్మలేసేవాళ్ళం, కవిత్వం రాసేవాళ్ళం, నాటకాల్లో వేసినవాళ్ళం, ఇంకా ఊరికే చదవడం ఇష్టం ఉన్నవాళ్ళం. కష్టమల్లా ఎక్కడ కలవాలి అన్నదే. ఎవరింట్లో కలిస్తే ఆవిడకి టీలు పెట్టడంతోనే సరిపోతుంది, లోపల్నించి అత్తగారు వింటుంటే కాపురాల మాట, ఒంటి మాట ఏదీ నోట్లోంచి రాదు, వాళ్ళాయన హాల్లోకి వచ్చాడంటే అందరూ చీర సర్దుకుని పిల్లల మార్కుల గురించి మొదలుపెడతారు.

ఇంతకన్నా పెద్ద విషయం ఇంకోటుంది. ఇల్లు అంటే కులం కూడా. అందరూ అందరి ఇళ్ళకీ రాలేరు, వచ్చినా ఎక్కడ కూర్చోవాలో ఏ గ్లాసులో తాగాలో అని బిగుసుకుపోయి కూర్చుంటే ఇంక మాటేం వస్తుంది? రచయిత్రి గోగు శ్యామల గారు 2003లో దళిత స్త్రీల సాహిత్యాన్ని ‘నల్లపొద్దు’ అనే పుస్తకంగా తెచ్చారు, అది మేం చదివినప్పుడే మా మధ్య అసలైన గొడవ జరిగింది, ఆడవాళ్ళందరి కష్టం ఒకటే అని అంతవరకూ తేలిగ్గా అనేసేవాళ్ళం. ఒకామె రెండు వారాలు రాలేదు. మళ్ళీ వచ్చి మాట్లాడింది. అలాంటి మాట జరగాలంటే ఎవరి సొంతమూ కాని చోటు కావాలి.

అందుకే అడుగుతున్నా, పబ్లిక్ లైబ్రరీల్లో వారానికి ఒకరోజు రెండు గంటలు ఒక గది ఇవ్వండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మేమూ కడుతున్నాం. మా దగ్గర అడిగితే పోటీ పరీక్షల పిల్లలకే చోటు లేదన్నారు, అది నిజమే, వాళ్ళకి ఇబ్బంది పెట్టమని ఎవరూ అనట్లేదు, వాళ్ళు చదివే హాలు కాకుండా పాత పుస్తకాల గదైనా చాలు, కుర్చీలు లేకపోతే చాపలు మేమే తెచ్చుకుంటాం. సాయంత్రం ఆరు గంటలకి రమ్మంటే మాత్రం కుదరదు, అప్పుడు పొయ్యి దగ్గరుంటాం, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు అయితే ఎక్కువమంది రాగలరు.

మీరు కూడా ఇలా చదువుకునే ఆడవాళ్ళ దగ్గరికి ఒక రిపోర్టర్ని పంపండి, వీలైతే అమ్మాయిని, ఫొటో తీసుకుని వెళ్ళిపోకుండా చివరిదాకా కూర్చోమని చెప్పండి.

– ఒక డ్రాయింగ్ టీచర్, ఖమ్మం జిల్లా