ఏఐఓనా, కస్టమ్ లూపా అనే ముందు గది వేడి సంగతి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ప్రాసెసర్ల ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం) మీద, వాటర్ కూలింగ్ మీద మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పేపర్లో ఇలాంటి విషయానికి అంత చోటివ్వడం చూసి చాలా సంతోషం వేసింది. కానీ అందులో ఏఐఓ (ఆల్ ఇన్ వన్) అనే సిద్ధంగా వచ్చే వాటర్ కూలర్లు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి, విడిభాగాలు కొని మనమే బిగించుకునే కస్టమ్ లూప్ అసలైన ఓవర్‌క్లాకర్లకి అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది నాకు మింగుడు పడలేదు. విజయవాడలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ స్టూడియోలకి, గేమింగ్ కుర్రాళ్లకి సిస్టమ్స్ అసెంబుల్ చేసి ఇవ్వడం నా పని. అలాంటి మాట పేపర్లో చదివి, ఇంట్లో బతిమాలి యాభై వేలు తెచ్చుకుని కస్టమ్ లూపే కావాలని వచ్చే పిల్లలు మా దగ్గరికే వస్తారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీళ్లు వేడిని మాయం చేయవు, మోసుకెళ్తాయి అంతే. ప్రాసెసర్ దగ్గర ఎక్కించుకుని రేడియేటర్ దగ్గర గాలికి అప్పజెప్తాయి. ఏఐఓలో పంపు, కోల్డ్ ప్లేట్ (ప్రాసెసర్ మీద ఆనే రాగి పలక), ట్యూబులు, రేడియేటర్ అన్నీ ఫ్యాక్టరీలోనే కలిపి, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) నింపి, సీల్ చేసి పంపుతారు. కస్టమ్‌లో అవే సామాన్లు, అదనంగా ఒక రిజర్వాయర్ (నీళ్లు నిలవుండే డబ్బా), విడివిడిగా కొని మనం బిగించుకోవాలి. సూత్రం రెండింటికీ ఒకటే, హద్దూ ఒకటే: గదిలో గాలి ఎంత వేడిగా ఉందో అంతకంటే కిందికి ప్రాసెసర్‌ని ఈ రెండూ దించలేవు.

మీ వ్యాసంలో లేనిది సరిగ్గా ఇదే. యూట్యూబ్‌లో మనవాళ్లు చూసే టెస్టులు చాలావరకు 20, 25 డిగ్రీల గదుల్లో చేసినవి. మే నెలలో ఎండ ముదిరితే మా ఊళ్లో బయట 44, 45 ఉంటుంది, ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 37, 38కి తగ్గదు. అక్కడ 75 డిగ్రీలు చూపించిన కూలర్ ఇక్కడ 88, 90 చూపిస్తుంది, కూలర్ తప్పేమీ లేదు, గాలే అలా ఉంది. తీరా ఇక్కడ బిగించాక ఆ అంకె చూసి, ఏఐఓ చేతకాలేదు, కస్టమ్ వేయించేద్దాం అంటారు. ఆ కస్టమ్ కూడా అదే గదిలో అదే గాలి పీల్చుకోవాలి కదా.

ఇంకాస్త లోపలికి వెళ్దాం, ఎందుకంటే డబ్బులు దండగయ్యేది ఇక్కడే. ఇంటెల్ కోర్ ఐ9-14900కె తీసుకోండి, కంపెనీ చెప్పే గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు, 100 డిగ్రీలు తాకగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దాని నుంచి 250 వాట్ల వేడి వస్తోందనుకుందాం. లూపులో నిమిషానికి ఒక లీటరు నీళ్లు తిరిగినా సరే, కోల్డ్ ప్లేట్ ఉండే బ్లాక్‌లోకి వెళ్లే నీళ్లకీ బయటికొచ్చే నీళ్లకీ తేడా సుమారు మూడున్నర డిగ్రీలే. మంచి ఫ్యాన్లున్న 360 రేడియేటర్, అంటే మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పట్టేది, ఆ వేడికి నీళ్లని గది గాలి కంటే ఒక పది డిగ్రీలు పైన నిలబెట్టగలదు. గది 35 అయితే నీళ్లు 45. మరి చిప్ 90 దగ్గర ఎందుకుంది? మధ్యలో ఉన్న ఆ 45 డిగ్రీలు ఎక్కడివి? అవి చిప్‌కీ నీళ్లకీ మధ్య ఉన్న పొరలవి. వేలి గోరంత సిలికాన్ ముక్క నుంచి సోల్డర్, దాని మీద లోహపు మూత, ఆ పైన వేడిని దాటించే పేస్ట్, ఆ పైన కోల్డ్ ప్లేట్ దాటుకుని వస్తే గానీ వేడి నీళ్లని చేరదు. మీరు రేడియేటర్‌ని రెట్టింపు చేసినా తగ్గేది నీళ్ల వాటాలోని ఆ పది డిగ్రీల్లో సగం. అంటే ఒక్క ప్రాసెసర్‌కి మాత్రమే కస్టమ్ లూప్ వేయిస్తే, మంచి 360 ఏఐఓ కంటే దక్కేది నాలుగైదు డిగ్రీలు. పది, పన్నెండు వేల ఏఐఓకీ నలభై, యాభై వేల లూపుకీ మధ్య ఉన్న తేడా డబ్బుకి చేతికొచ్చేది అంతే. ఇది నేను చూసిందీ, లెక్క చెప్పేదీ కూడా.

లూపులో నీళ్లు ఎక్కువుంటే చల్లగా ఉంటుందని ఇంకో నమ్మకం ఉంది. లీటరు నీళ్లని 250 వాట్లతో పది డిగ్రీలు పెంచడానికి మూడు నిమిషాలు కూడా పట్టదు. అంటే పెద్ద రిజర్వాయర్ పెట్టడం వల్ల వేడెక్కడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే తప్ప చివరికి చేరే అంకె మారదు. వేగం కొలిచే చిన్న బెంచ్‌మార్క్ నడిపి స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్లకి ఆ ఆలస్యం పనికొస్తుందేమో గానీ, మూడు రోజుల పెళ్లి ఫుటేజీని రాత్రంతా రెండర్ (ఎడిట్ చేసినదాన్ని చివరి వీడియోగా మార్చడం) పెట్టుకునే ఎడిటర్‌కి దానితో ఒరిగేది లేదు.

నిజంగా డిగ్రీలు కావాలంటే ఆ పొరల దగ్గరే వెతకాలి. ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లని పట్టి ఉంచే సాకెట్ క్లిప్ మధ్యలో నొక్కి మూతని కాస్త వంచేస్తుంది, దాంతో కోల్డ్ ప్లేట్ సమంగా ఆనదు. ఆ క్లిప్ తీసేసి కాంటాక్ట్ ఫ్రేమ్ అని ఒక అల్యూమినియం చట్రం బిగిస్తే చాలాసార్లు కొన్ని డిగ్రీలు అక్కడికక్కడే తగ్గుతాయి, చవక రకం కొన్ని వందల్లోనే వస్తుంది. స్క్రూలు ఎడాపెడా బిగించకుండా మూలమూలకీ కొద్దికొద్దిగా తిప్పాలి, లేకపోతే ర్యామ్ కనపడటం లేదంటూ మళ్లీ విప్పుకోవాలి.

వోల్టేజీ ఇంకా ముఖ్యం. ప్రాసెసర్ తాగే పవర్ వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది, పది శాతం వోల్టేజీ పెంచితే వేడి ఇరవై ఒక్క శాతం పెరిగినట్టు, దాని మీద క్లాక్ పెరిగింది వేరే. చివరి 200 మెగాహెర్ట్జ్ వేగం కోసం పెట్టే వోల్టేజీయే కూలర్లన్నింటినీ ఓడించేది. పైగా చాలా మదర్‌బోర్డులు పవర్ లిమిట్‌ని బయాస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) 4096 వాట్లని, అంటే హద్దే లేదని పెట్టి పంపాయి, ఓవర్‌క్లాక్ చేయని కుర్రాడి ప్రాసెసర్ కూడా 300 వాట్లు లాగేసేది. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు అతి వోల్టేజీ వల్ల పాడైపోతున్నాయని 2024లో ఎంత గొడవైందో తెలిసిందే, ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్‌ని సరిచేసే మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పెంచారు. ఆ జబ్బుకి ఏ వాటర్ కూలింగూ మందు కాలేదు. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ అయితే 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడ పనిచేసేలాగే తయారుచేశారు, దాన్ని చూసి టెన్షన్ పడి కూలర్ మార్చేవాళ్లున్నారు.

ఇదంతా చదివి నేను కస్టమ్‌కి వ్యతిరేకిననుకోకండి. గ్రాఫిక్స్ కార్డుని కూడా లూపులో కలిపితే కథ మారిపోతుంది. ఆర్‌టీఎక్స్ 4090 ఒక్కటే 450 వాట్లు, 5090 అయితే 575. గ్రాఫిక్స్ చిప్ మీద మూత ఉండదు, బ్లాక్ నేరుగా చిప్ మీదే కూర్చుంటుంది, అందుకే నీళ్ల ఫలితం అక్కడ బాగా కనిపిస్తుంది. రెండు పెద్ద రాగి రేడియేటర్లు పెట్టి, ఫ్యాన్లు నెమ్మదిగా తిప్పుకుంటూ, సౌండ్ మిక్సింగ్ చేసే గదిలో కూడా చప్పుడు లేకుండా పనిచేయించుకోవచ్చు. అది కస్టమ్‌కి మాత్రమే చేతనయ్యే పని, డబ్బుకి తగ్గ ఫలితం కూడా.

కస్టమ్‌లో నాకు ఇంకా నచ్చేది, ఏ ముక్క పాడైతే ఆ ముక్క మార్చుకోవచ్చు. పంపు పోతే పంపు, రబ్బరు రింగు పోతే రింగు. ఏఐఓతో నా పేచీ చల్లదనం గురించి కాదు, దీని గురించే. మా కస్టమర్ ఒకరిది వారంటీలో ఉండగానే పంపు ఆగిపోయింది, కంపెనీవాళ్లు ఆ మోడల్ ఆపేశామన్నారు, పంపు విడిగా ఇవ్వమన్నారు, కొత్తది ఇవ్వడానికి వారాలు తిప్పారు, ఈలోపు సీజన్‌లో ఆయన సిస్టమ్ మూలన పడి ఉంది. అలాంటి పాత ఏఐఓలని విప్పి చూస్తే సంగతి అర్థమవుతుంది. కోల్డ్ ప్లేట్ లోపల వెంట్రుకంత సందులతో సన్నటి రాగి రెక్కలుంటాయి, ఆ సందుల్లో ఆకుపచ్చ, గోధుమ రంగు ముద్ద బంకలా పేరుకుని ఉంటుంది, టూత్‌బ్రష్ పెట్టి రుద్దితే గానీ రాదు. లోపల మిగిలిన కూలెంట్ చూస్తే సగం సగమే, ఏళ్ల తరబడి ట్యూబుల గోడల్లోంచి ఆవిరై కొద్దికొద్దిగా పోయి ఉంటుంది. రాగి ప్లేటుకీ అల్యూమినియం రేడియేటర్‌కీ ఒకే నీళ్లు తగిలితే తుప్పు తప్పదు, అది రాకుండా కలిపే మందు కూడా కాలంతో బలం తగ్గుతుంది. మంచి ఏఐఓలకి ఐదారేళ్ల వారంటీ ఇస్తున్నారంటే వాటి ఆయుష్షు కూడా ఆ మధ్యే అనుకోవాలి.

కావాలంటే కంపెనీలు పద్ధతిగా చేయగలవు. ఆర్కిటిక్ అనే కంపెనీ 2022లో తన లిక్విడ్ ఫ్రీజర్ 2 కూలర్లు కొన్నింటిలో రబ్బరు గాస్కెట్ వల్ల రాగి ప్లేటుని తుప్పు తినేస్తోందని తానే ఒప్పుకుని, గాస్కెట్ మార్చుకునే కిట్‌ని ఉచితంగా పంపింది, కొన్నవాళ్లు ఇంట్లోనే స్క్రూలు విప్పి మార్చుకున్నారు. నీళ్ల సమస్య పెద్ద పేరున్నవాళ్లకీ తప్పలేదు, యాపిల్ 2004లో తెచ్చిన 2.5 గిగాహెర్ట్జ్ పవర్ మ్యాక్ జీ5లో లిక్విడ్ కూలింగ్ పెట్టింది, కొన్నేళ్లకి వాటిలో చాలావాటికి కూలెంట్ కారి లోపలి బోర్డులు తినేసింది.

కస్టమ్ వేయించుకునేవాళ్లకి నీళ్ల విషయం గట్టిగా చెప్పాలి. బోరు నీళ్లు వద్దే వద్దు, ఇంట్లో తాగే ఆర్‌వో నీళ్లలో కూడా లవణాలు మిగిలే ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ కావాలి, దాంట్లో నాచు పట్టకుండా, తుప్పు రాకుండా మందు కలపాలి. ఇన్వర్టర్ షాపులో బ్యాటరీ వాటర్ అని అడిగితే కొందరు యాసిడ్ కలిపిన క్యాన్ ఇచ్చేస్తారు, లేబుల్ చదవకుండా తెచ్చుకోకండి. చవగ్గా వస్తోందని అల్యూమినియం రేడియేటర్ కొని రాగి బ్లాక్‌తో కలపకండి. పాలలా చిక్కగా మెరిసే రంగుల కూలెంట్లు ఫొటోలకి బాగుంటాయి, కొన్నాళ్లకి ఆ రంగు పొడి రెక్కల మధ్య దిగిపోతుంది. పీఈటీజీ అనే ప్లాస్టిక్ గట్టి ట్యూబులు నీళ్లు 60 డిగ్రీలకి చేరితే మెత్తబడటం మొదలవుతుంది, మన వేసవిలో ఫ్యాన్లు నెమ్మదిగా పెట్టుకుని రెండర్ వేస్తే అది అంత దూరమేమీ కాదు, మెత్తటి రబ్బరు ట్యూబులే నయం. నింపాక మదర్‌బోర్డుకి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే తిప్పి, ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పేపర్ పెట్టి, ఒక పూటంతా వదిలేయాలి. టిష్యూ మీద రూపాయి బిళ్లంత తడి కనిపించినా మళ్లీ బిగించాల్సిందే. ఏడాదికోసారి నీళ్లు మార్చే ఓపిక లేదంటే కస్టమ్ జోలికి వెళ్లొద్దు.

ఏఐఓ వాళ్లకి రెండు ముక్కలు. లోపలి గాలి బుడగ ఎప్పుడూ పైకే చేరుతుంది, కాబట్టి రేడియేటర్‌లో పై భాగం పంపు కంటే ఎత్తులో ఉండాలి, లేదంటే గాలి పంపులోకి చేరి గరగరమంటుంది, దాని ప్రాణం తీస్తుంది. రెండోది, మన దుమ్ముకి నెలా రెండు నెలలకోసారి రేడియేటర్‌కి బ్లోయర్ పట్టకపోతే 360 కొన్నా రెండు ఫ్యాన్ల 240లా పనిచేస్తుంది.

ఇప్పుడు మీ పత్రికని అడిగేది. కూలర్ల గురించి ఈసారి రాసినప్పుడు ఆ అంకెలు ఎన్ని డిగ్రీల గదిలో, ఎన్ని వాట్ల లోడు మీద వచ్చాయో పక్కనే వేయండి, అవి లేకుండా డిగ్రీలు చెప్తే మా కోస్తా పాఠకులకి గానీ, రామగుండం, నిజామాబాద్ వైపు వాళ్లకి గానీ ఉపయోగం లేదు. రిపేరు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్లో ఒక పోర్టల్ తెచ్చింది, ఫోన్లు, ఎలక్ట్రానిక్స్, వాహనాలు, ఇంట్లో వాడే వస్తువులు, వ్యవసాయ పరికరాలు అందులో చేర్చారు. పది, ఇరవై వేలు పెట్టి కొనే ఏఐఓకి పంపు విడిగా ఎందుకు దొరకదు, కూలెంట్ మళ్లీ నింపుకునే మూత చాలావాటికి ఎందుకు పెట్టరు, లీకై లక్ష రూపాయల కార్డు పాడైతే ఆ నష్టం వారంటీలోకి వస్తుందో రాదో బిల్లు మీద ఎందుకు రాయరు? మీ విలేకరులు కంపెనీల ఇండియా ఆఫీసులని ఈ మూడు ప్రశ్నలు అడిగి, ఏ మోడల్‌కి ఏం జవాబు చెప్పారో ఒక పట్టికగా వేయండి. కొనే ప్రతి ఒక్కరికీ చూపించడానికి దాన్ని నా షాపు గోడకి అంటించుకుంటాను.

ఇట్లు,
కంప్యూటర్ల అసెంబ్లీ పని చేసుకునే ఒక పాఠకుడు,
విజయవాడ