ఎర్ర దారం సంచులు వెనక్కి తెచ్చేయండి

మన దగ్గర పందుల దాణా తీసుకునే అందరికీ నమస్కారం. దసరా తర్వాత ఎర్ర దారంతో కుట్టిన గ్రోయర్ (ఎదిగే పందుల దాణా) సంచులు కొన్నవాళ్లు ఇక వాడకండి. సగం అయిపోయిన సంచి తెచ్చినా పూర్తి డబ్బు ఇస్తాను.

తేడా ఆ దాణాలో కలిపిన డీసీపీలో వచ్చింది. డీసీపీ అంటే డైకాల్షియం ఫాస్ఫేట్, భాస్వరం కోసం వేసే పొడి. పదకొండేళ్లుగా ఒక్కరి దగ్గరే కొంటున్నాను. డీసీపీ సంచి మీద భాస్వరం 18 శాతం అని ఉంది, ల్యాబులో 11 తేలింది. రిపోర్టు రాకముందే నాకు అర్థమైపోయింది. పళ్లెంలో గుప్పెడు పొడి పోసి నిమ్మకాయ పిండితే బుస్సున పొంగింది. మంచి డీసీపీ అలా పొంగదు, సున్నపురాయి పొడి పొంగుతుంది. లెక్కేస్తే పది కిలోల్లో నాలుగు కిలోలు అదే! అమ్మినాయనకు ఫోన్ చేస్తే "మీ గోడౌన్లోనే కలిసిందేమో చూసుకోండి" అన్నాడు. కుట్టు విప్పని సంచిలోంచి తీశానయ్యా అంటే పెట్టేశాడు. పదకొండేళ్లలో ఒక్క బిల్లు ఆపలేదు నేను.

తవుడు, మొక్కజొన్న, సోయా చెక్కలో భాస్వరం ఉంటుంది కదా అని కొందరు అడిగారు. ఉంటుంది, తవుడులో దండిగా. కాకపోతే చాలా భాగం ఫైటేట్ అనే రూపంలో బిగుసుకుని ఉంటుంది. గేదె పొట్టలో సూక్ష్మజీవులు దాన్ని విడగొడతాయి. పందికి ఆ వీలు లేదు, పేడలో పోతుంది. డీసీపీ వేసేది అందుకే.

నాలుగు రాత్రులు నిద్ర లేనిది డబ్బు గురించి కాదు, మీకు చెప్పాలా వద్దా అని. "తూకం బాగానే వస్తోంది, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు మావాడు. వాడన్నదీ అబద్ధం కాదు. ఒళ్లు పెరగడానికి సరిపోయే భాస్వరం ఎముక గట్టిపడడానికి చాలదు. అందుకే కాటా మీద తెలియలేదు. ఐదో రోజు ఒక రైతు షెడ్డుకెళ్లాను. యాభై కిలోల పంది ముందు కాళ్లు మడిచి, మోకాళ్ల మీద పాకుతూ తొట్టి దగ్గరికొచ్చింది. ఆయన టీ ఇచ్చాడు, తాగలేకపోయాను.

కుంటుతున్నాయని మీరు సున్నం, గుడ్డు పెంకులు వేయకండి. ఆ సున్నపురాయి పొడితో కాల్షియం ఇప్పటికే ఎక్కువైంది, ఇంకా పెరిగితే ఉన్న భాస్వరం కూడా ఒంటబట్టదు. డాక్టరుకు చూపించండి, పాలిచ్చే తల్లిపందులను ముందు. కుంటుకు వేరే కారణాలూ ఉంటాయి.

ఫైటేజ్ (ఫైటేట్‌ను విడగొట్టే ఎంజైమ్) వేసి డీసీపీ తగ్గించమని సలహాలొస్తున్నాయి. మంచి సరుకే, కాదనను. పెల్లెట్ మిషన్ వేడికి అది ఎంత మిగులుతుందో ల్యాబులో తేలేదాకా నేను వేయను. ధర మాత్రం పెంచడం లేదు.

కౌంటర్ మీద నిమ్మకాయలు పెట్టాను. కొత్త డీసీపీ సంచి మీ ముందే విప్పిస్తాను, పిండి చూసుకోండి.